గ్యాప్‌లో పోయిన వాన

ఆ సోమవారం పొద్దున మాదాపూర్‌లో ఒక కంపెనీ రిసెప్షన్‌లో, వచ్చేపోయే వాళ్లందరూ చూస్తుండగా, రాఘవేందర్‌ను మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టమన్నారు. ఉద్యోగంలో చేరి అతను ఇంకా మొదటి జీతం కూడా అందుకోలేదు. హెచ్‌ఆర్ అమ్మాయి గొంతు పెంచలేదు. వెరిఫికేషన్‌లో మీ పాత ఉద్యోగం ఫేక్ అని తేలింది, పాలసీ ప్రకారం ఈ రోజుతో మిమ్మల్ని తీసేస్తున్నాం అని, ఎవరో రాసిచ్చింది చదివినట్టు చెప్పింది. అతను ఏదో చెప్పబోయాడు. సెక్యూరిటీ మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు. లోపలున్న బ్యాగు తెచ్చుకోవడానికి కూడా పంపలేదు. టిఫిన్ డబ్బాతో సహా దాన్ని ఇంకెవరో పట్టుకొచ్చి చేతికిచ్చారు.

అదే కంపెనీలో రాఘవేందర్‌తో పాటే చేరిన వంశీధర్ మాత్రం లోపలే ఉన్నాడు. అతనూ మా హాస్టల్ వాడే. అతని రెజ్యూమెలో ఉన్న బెంగళూరు అనుభవం అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తు గదిలో పుట్టింది. ఆ బెంగళూరు కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తి, అవును మా దగ్గర పనిచేశాడు అని ఇంగ్లిషులో చెప్పే ఆడగొంతు కూడా ఆ గదిలోనే ఉండేది. వంశీధర్‌ది నిజమని తేల్చారు. రాఘవేందర్ కాగితం మీద ఉన్న రెండేళ్లూ అతను నిజంగా చేసిన పని. దాన్ని దొంగదన్నారు.

ఎలా తేల్చారో తర్వాత తెలిసింది. వెరిఫికేషన్ వాళ్ల మనిషి పంజాగుట్టలో అతను రాసిన చిరునామాకు వెళ్లాడు. అక్కడ బేకరీ ఉంది. ఇక్కడ అడవుల గాలి కొలిచే ఆఫీసు ఉండేదా అని అడిగితే బేకరీ వాళ్లు నవ్వారట. చిరునామా సరైనదే. ప్రాజెక్టు ఒక విడత అయిపోయి వాళ్లు గదులు ఖాళీ చేశారు, ఆ గదుల్లోకి బేకరీ వచ్చింది. ల్యాండ్‌లైన్ నంబరు మోగలేదు. పై అధికారి అప్పటికే డెహ్రాడూన్ వెళ్లిపోయింది. ఆమె తన సొంత మెయిల్ నుంచి, ఇతను మా దగ్గర పనిచేశాడు అని జవాబు రాసింది. సొంత మెయిల్ చెల్లదు, ఆఫీసు మెయిల్ కావాలన్నారు. నిజమైన ఆఫీసు మూతపడితే ఫోన్ ఎత్తే దిక్కుండదు. దొంగ ఆఫీసు పెట్టేదే ఫోన్ ఎత్తడానికి కాబట్టి అక్కడ ఎప్పుడు చేసినా ఎత్తుతారు. ఆఫీసు మెయిల్ కూడా ఉంటుంది.

నేను అప్పుడు బల్కంపేట వైపు సందులో అదే హాస్టల్‌లో, అదే గదిలో ఉండేవాణ్ణి. చేరిన కోర్సు మధ్యలో వదిలేసి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు చదువుకుంటూ, మెస్‌లో సాంబారు నీళ్లను తిట్టుకుంటూ బతుకుతున్నాను. ఆ మధ్యాహ్నం అతను వచ్చి బ్యాగు మంచం కింద పెట్టి, చాలాసేపు కిటికీలోంచి ఎదురింటి గోడను చూస్తూ కూర్చున్నాడు. ఆ గోడ నిండా జావా, టెస్టింగ్, ఒరాకిల్ పోస్టర్లు, ఒకదాని మీద ఒకటి. ఏమైందని అడిగితే, "బేకరీ అయిందంట భాయ్ మా ఆఫీసు," అన్నాడు.

రాఘవేందర్‌ది మంచిర్యాల. తండ్రి రాజనర్సయ్య సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తేవాడు. కొడుకు ఫిజిక్స్‌తో బీఎస్సీ చేశాడు. చదువయ్యాక ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే కాలేజీ సారు పిలిచి, ఎత్తు ఎక్కడానికి భయపడని, కంప్యూటర్ తెలిసిన కుర్రాడు ఒకడు కావాలట, పోతావా అన్నాడు. అలా అరుణాదేవి గారి దగ్గర చేరాడు. ఆమెది కాకినాడ. జన్నారం దాటాక టేకు అడవిలో ఒక ఇనుప టవర్ నిలబెట్టి, ఆ అడవి గాలిలోంచి ఎంత కార్బన్ తీసుకుంటోంది, ఎంత వదులుతోంది, ఎంత నీటిని ఆవిరిగా పైకి పంపుతోంది అన్నది కొలిచే ప్రాజెక్టు అది. ఆమె పంజాగుట్ట ఆఫీసులో లెక్కలు చూసేవారు. టవర్ దగ్గర ఉన్నది ఇతనొక్కడే.

హాస్టల్‌లో చేరిన కొత్తలో అందరం అతన్ని దీని గురించే ఏడిపించేవాళ్లం. అడవికి థర్మామీటర్ పెట్టిండంట అని ఒకడు, చెట్లకు బీపీ చూసిండంట అని ఇంకొకడు. అతను కోపం తెచ్చుకునేవాడు కాదు. ఒక సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టల మధ్య నిలబడి, ఎదురుగా ఇన్‌స్టిట్యూట్ మెట్లు చూపించి మాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"ఆ మెట్లు సూడుర్రి. ఎక్కేటోళ్లు ఎక్కుతుండ్రు, దిగేటోళ్లు దిగుతుండ్రు. ఎక్కేటోని చేతిల ఏమున్నది, దిగేటోని చేతిల ఏమున్నది, గది సూస్తే సాలు. లోపల ఏం నడుస్తుందో తెలుస్తది. లోపలికి పోయే పనే లేదు."

గాలి కూడా అంతేనట. చెట్ల పైన గాలి తిన్నగా పోదు, చిన్నచిన్న సుడులుగా తిరుగుతూ పైకి కిందికి పోతుంటుంది. పైకి పోయే సుడిలో కార్బన్ ఎంత, కిందికి దిగే సుడిలో ఎంత అని రెప్పపాటులో ఎన్నోసార్లు కొలుస్తారు. దిగేదాంట్లో ఎక్కువుండి ఎక్కేదాంట్లో తక్కువుంటే అడవి తింటోందని లెక్క. తిరగబడితే అడవి వదులుతోందని లెక్క. పగలు తింటుంది, రాత్రి వదులుతుంది. నాకది నచ్చింది. మనిషిని ఇలా కొలిచే సాధనం లేకపోయిందే అనుకున్నాను.

అతనికి ఇష్టమైన కథ ఒకటుండేది, తొలివాన కథ. మేము అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. రెండో ఏడు మే నెలలో, టేకు చెట్లు ఆకులన్నీ రాల్చుకుని మోడుల్లా ఉన్న రోజుల్లో, నేల నెర్రెలు విచ్చి ఉండగా వాన పడింది. ఎండిన నేల తడిసినప్పుడు లోపల నిద్రపోతున్న కంటికి కనపడని జీవాలన్నీ ఒక్కసారి లేస్తాయి. అవి విడిచే ఊపిరి అంతా కార్బన్. చెట్లకు ఆకు లేదు కాబట్టి దాన్ని తినే దిక్కు లేదు. టవర్ మీద లెక్క ఒక్క ఊపున పైకి లేచింది. కానీ ఆ సెన్సార్‌కు ఒక బలహీనత ఉంది. దాని అద్దం మీద చినుకు నిలిస్తే అది పిచ్చి లెక్కలు చూపిస్తుంది. లేచింది నేల ఊపిరా, అద్దం మీది చినుకా అన్నది కింద నిలబడి చెప్పలేం.

అతను వాన వెలిసీ వెలవగానే బెల్టు కట్టుకుని తడి ఇనుప మెట్లెక్కాడు. మెత్తటి గుడ్డతో అద్దం తుడిచాడు. లెక్క దిగలేదు. పంజాగుట్టకు ఫోన్ చేస్తే అరుణాదేవి గారు మళ్లీ తుడవమన్నారు. మళ్లీ తుడిచాడు. అయినా దిగలేదు. ఆ తర్వాత రోజు కూడా అలాగే ఉంది. అద్దం మీది చినుకు కాదు, నేల ఊపిరేనని తేలింది. "మేడం ఫోన్ల నవ్వింది," అని కథ అక్కడ ఆపేవాడు. ఆ నవ్వు తనే పుట్టించినట్టు అతని మొహం వెలిగేది. మా గదిలో అందరికీ కలలున్నాయి, అందరివీ ముందున్నవే. అయిపోయిన దాన్ని చూసుకుని సంతోషపడేవాడు అతనొక్కడే.

విడత అయిపోయాక నిధులు ఆగాయి. రెండో విడత ఎప్పుడో తెలియదన్నారు. ఇంట్లో తండ్రి నడుం పట్టేసింది. అప్పుడు వచ్చాడు అమీర్‌పేటకు.

అమీర్‌పేటలో మనిషిని పేరడిగే ముందు పాసైన సంవత్సరం అడుగుతారు. ఆ వెంటనే, గ్యాప్ ఎంత అంటారు. చదువయ్యాక ఉద్యోగం లేకుండా గడిచిన కాలం గ్యాప్. అమ్మకు జబ్బు చేసి ఊళ్లో ఉన్నా గ్యాపే, పొలం దున్నినా గ్యాపే, పుస్తకాలు చదివినా గ్యాపే. సాఫ్ట్‌వేర్ కానిదంతా గ్యాప్. గ్యాప్ ఉన్నవాణ్ణి ఎవరూ తీసుకోరు కాబట్టి గ్యాప్ నింపే వాళ్లు ఉంటారు. మా వీధిలో ఆ పని చేసేది బుచ్చిబాబు గారు. మూడో అంతస్తులో కన్సల్టెన్సీ. గోడకు వెంకటేశ్వరస్వామి పటం, పక్కనే బెంగళూరు మ్యాపు.

మొదటిసారి రాఘవేందర్‌తో నేనూ వెళ్లాను. బుచ్చిబాబు గారు రెజ్యూమె చూసి కళ్లజోడు నుదుటి మీదికి జరిపాడు.

"ఇదేంటయ్యా, అడవిలో ఏం చేశావు రెండేళ్లు?"

"గాలి కొలిచిన సార్."

"గాలి కొలిచావా. బాగుంది. ఇది తీసేయ్ నాన్నా, ఎవడూ నమ్మడు. తీసేస్తే అక్కడ రెండేళ్లు గ్యాప్ వస్తుంది. దాన్ని మనం నింపుదాం."

"గ్యాప్ లేదు సార్. నేను పని చేసిన."

"నువ్వు చేశావయ్యా, నేను కాదన్నానా? చేసినట్టు కనబడాలి కదా."

రాఘవేందర్ ఆ రోజు లేచి వచ్చేశాడు. మెట్లు దిగుతూ, ఉన్నది ఉన్నట్టే పెడత, ఎవడో ఒకడు తీసుకుంటడు అన్నాడు. నిజంగానే తీసుకున్నారు. టవర్ లెక్కల్లో తప్పులు పట్టుకోవడానికి తను రాసిన ప్రోగ్రాములు చూపిస్తే, మాదాపూర్ కంపెనీలో ఎవరో తెలివైనవాడు టెస్టింగ్ ఉద్యోగం ఇచ్చాడు. హాస్టల్‌లో మిఠాయి పంచాడు. నాకు కూడా, ఈ ఊళ్లో ఏదో ఒక మూల న్యాయం మిగిలి ఉందేమో అనిపించింది. ఆ తర్వాత జరిగిందే బేకరీ సంగతి.

ఒకసారి ఫేక్ అని పడ్డాక ఆ మాట అన్ని చోట్లకూ పాకుతుంది. ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. ఇంటి నుంచి ఫోన్ వస్తే డాబా మీదికి పోయి మాట్లాడేవాడు. కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక్కడే మూడో అంతస్తు మెట్లెక్కాడు. బుచ్చిబాబు గారు ఎత్తిపొడవలేదట. టీ తెప్పించాడట. అదే ఎక్కువ బాధగా ఉండింది అన్నాడు.

ఆ గదిలో ఆదివారాలు క్లాసు జరిగేది. ఎక్స్‌పీ క్లాసు, అంటే ఎక్స్‌పీరియన్స్ క్లాసు, అనేవాళ్లు. ఎప్పుడూ పోని ఆఫీసులో ఎలా పనిచేశామో నేర్పేవాళ్లు. ఏ రోడ్డు, ఏ బస్సు, క్యాంటీన్ ఏ అంతస్తులో, ఏ వారం ఏం వండేవాళ్లు. ప్రాజెక్టు టెలిఫోన్ బిల్లింగ్. మేనేజర్ పేరు కామరాజు. అలాంటి మనిషి ఎక్కడా లేడు. మేనేజర్ ఎట్లాంటివాడు అని బుచ్చిబాబు గారు అడిగితే, మంచోడు సార్ అన్నాడట రాఘవేందర్. "మంచోడు అనకు, ఎవడూ నమ్మడు. అప్రైజల్‌లో రేటింగ్ తక్కువిచ్చాడు అను," అని దిద్దాడట. అందరూ నవ్వారట. తను కూడా నవ్వానని చెప్పాడు.

టవర్ దగ్గర ఉన్న ఆ రెండేళ్ల మీదే బెంగళూరును పరిచారు. నెల కూడా మారలేదు. ఏ మే నెలలో టేకు అడవిలో వాన పడిందో, ఆ మే నెలలో అతను బెంగళూరులో టెలిఫోన్ బిల్లుల తప్పులు పట్టుకుంటున్నాడు. సాయంత్రాలు గదిలో మంచాల మీద కూర్చుని మేము ప్రశ్నలు వేసేవాళ్లం, అతను జవాబులు చెప్పేవాడు. మొదట్లో తడబడేవాడు. తర్వాత తడబాటు పోయింది. ఎవరైనా అలవాటుగా తొలివాన కథ అడిగితే, ఇప్పుడొద్దు కలగలిసిపోతది అనేవాడు. క్రమంగా మేమూ అడగడం మానేశాం.

ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఈసారి ఫోన్ మోగింది, ఎత్తారు, సరే అన్నారు. అతను పనిలో గట్టివాడు. దొంగ దారిన వెళ్లినవాళ్లలో చాలామంది లోపలికి పోయాక తేలిపోతారు, అతను తేలిపోలేదు. హాస్టల్ వదిలేసి బోరబండలో ఇల్లు తీసుకుని తల్లిదండ్రులను తెచ్చుకున్నాడు. రాజనర్సయ్య బస్తాలు మోయడం మానేసి పొద్దున్నే పార్కులో నడిచేవాడు. నాకు సోమాజిగూడలో ఒక పేపర్ ఆఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. అప్పుడప్పుడు పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్‌లో కలిసేవాళ్లం. కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. ఇలాంటి వాళ్లు ఈ ఊళ్లో వేలమంది ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం కూడా లేదు.

అరుణాదేవి గారు హైదరాబాద్ తిరిగొచ్చారు. ప్రాజెక్టుకు మళ్లీ నిధులు వచ్చాయి. ఆమె రాఘవేందర్ నంబరు సంపాదించి, కలవాలన్నారు. అతను నన్ను కూడా రమ్మన్నాడు. ఒక్కణ్ణి పోబుద్ధి కాలేదట.

ఇరానీ హోటల్‌లో గోడవారగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె నేత చీరలో, భుజాన గుడ్డ సంచీతో, బడి టీచరులా ఉన్నారు. ముందు అతని ఉద్యోగం గురించి అడిగి సంతోషించారు. వెరిఫికేషన్ వాళ్లకు తన మెయిల్ చెల్లకపోవడం తన తప్పే అన్నట్టు మాట్లాడారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు.

టవర్ లెక్కలన్నీ కలిపి ఆమె పుస్తకంగా తెస్తున్నారు. దాన్ని పరీక్షించే కమిటీ ఒక చోట ఆగిపోయింది. రెండో ఏటి తొలివాన దగ్గర. ఆ కొద్ది రోజుల లెక్క ఉంచితే, ఏడాది మొత్తం మీద ఆ అడవి తీసుకున్నంతా దాదాపు తిరిగి ఇచ్చేసినట్టు. తీసేస్తే, అడవి బోలెడు కార్బన్ మింగినట్టు. అంత పెద్ద తేడా. అది చినుకుల వల్ల వచ్చిన తప్పుడు లెక్క, అద్దం తుడిచి ఉండరు అని కమిటీ అంటోంది. ఏ రోజు ఏం చేశారో రాసిపెట్టిన సైటు గదిలోని కాగితాలకు చెదలు పట్టాయి. తుడిచినవాడు వచ్చి, ఫలానా రోజుల్లో నేను అక్కడ పనిచేశాను, వాన వెలిశాక తుడిచాను అని కమిటీ ముందు చెప్పాలి. పేరుతో, ఉద్యోగం చేసిన కాలంతో సహా అది రికార్డులోకి, నెట్‌లోకి వెళుతుంది.

"నేను చెబితే చెల్లదు రాఘవేందర్," అన్నారామె. "నా లెక్క కోసం నేను చెప్పుకున్నట్టు ఉంటుంది. చేసినవాడివి నువ్వు."

అతను బిస్కెట్ టీలో ముంచాడు, అది విరిగి లోపల పడిపోయింది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎందుకు మాట్లాడడం లేదో నాకు తెలుసు. ఆ నెలలోనే అతని కంపెనీలో అందరి పాత ఉద్యోగాలనూ మళ్లీ తవ్వుతున్నారు. విదేశీ క్లయింటు అడిగాడట. అతని వరసలోనే కూర్చునే ఒకతన్ని ముందటి వారం పంపేశారు. ఈసారి ఒక ఆఫీసుకు ఫోన్ చేసి వదలడం లేదు, నెట్‌లో పేర్లు వెతికి పోల్చుకుంటున్నారు. ఒక రికార్డులో ఆ మే నెలలో అతను బెంగళూరులో ఉన్నాడు. ఇంకో రికార్డులో టేకు అడవిలో ఉండబోతున్నాడు. రెండూ ఒక్క మనిషికి కుదరవు. కుదరకపోతే ఈసారి పడే ఫేక్ ముద్ర నిజమైన ముద్ర.

ఆమెకు ఇదంతా తెలియదు. చెప్పి ఉండొచ్చు. అతను చెప్పలేకపోయాడు. ఒకప్పుడు ఫోన్‌లో నవ్విన మనిషి ముందు, ఆ రెండేళ్లను నేనే కొట్టేసుకున్నాను అని చెప్పడం అతనివల్ల కాలేదనుకుంటాను.

"మేడం," అన్నాడు చివరికి. "తుడిచిన్నో లేదో నాకు యాదికి లేదు."

ఆమె టీ కప్పు కింద పెట్టి అతని వైపు చూశారు. కోపంగా కాదు. తను విన్నది సరిగ్గా విన్నానా అన్నట్టు.

"నువ్వు నాకు రెండుసార్లు ఫోన్ చేశావు."

"చేసిన్నేమో మేడం. పాత ముచ్చట."

"నాలుగేళ్లే కదయ్యా."

అతను తల దించుకున్నాడు. ఆమె, బలవంతం లేదని, నువ్వు చూసుకోవాల్సినవి నీకుంటాయని అన్నారు. అలాగైతే ఆ రోజులను ఏం చేస్తారని నేను అడిగాను. నా నోరు ఊరుకోదు.

"గ్యాప్ కింద పెట్టేస్తారు," అన్నారామె. "ముందురోజులు, తర్వాతి రోజులు చూసి, మామూలుగా ఎంతుండాలో ఒక లెక్క కట్టి నింపుతారు. మా పనిలో ఇది మామూలే. వర్షం, కరెంటు పోవడం, ఏదో ఒకటి ఉంటుంది. గ్యాప్ లేని డేటా ఉండదు."

ఆ మాటకు రాఘవేందర్ గభాలున తలెత్తాడు. నవ్వబోయినట్టు పెదవులు కదిలాయి గానీ నవ్వలేదు. ఆమెకు అది అర్థం కాలేదు. సంచీ భుజాన వేసుకుని, టీ డబ్బులు తనే ఇచ్చి, రోడ్డు దాటి వెళ్లిపోయారు. మేము కదలలేదు. వెయిటర్ బల్ల తుడవడానికి వచ్చి రెండుసార్లు మమ్మల్ని లేపే ప్రయత్నం చేశాడు.

"పొయ్యి చెప్తే ఏమైతది?" అన్నాను నేను.

"బాపు మల్ల బస్తాలెత్తుతడు," అన్నాడు.

పుస్తకాలు చదివి పెంచుకున్న కోపంతో ఆ బల్ల దగ్గర ఉన్న ముగ్గురిలో దోషి ఎవరని చాలాసార్లు వెతికాను. ఆ రోజు అక్కడ లేనివాళ్లే అందరూ గుర్తొస్తారు. బుచ్చిబాబు గారు, బేకరీ చూసి వెనక్కి తిరిగిన వెరిఫికేషన్ మనిషి, సొంత మెయిల్ చెల్లదన్నవాళ్లు. వాళ్లలో ఒక్కరికి కూడా తాము ఒక వానను తుడిచేశామని తెలియదు.

పుస్తకం వచ్చింది. అరుణాదేవి గారు దాని ప్రతి ఒకటి రాఘవేందర్ పేరు మీద మా పేపర్ ఆఫీసుకు పంపారు, అతని ఇంటి చిరునామా ఆమె దగ్గర లేక. అతనికి ఇచ్చేముందు నేను తెరిచి చూశాను. రెండో ఏటి గ్రాఫులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా గీత నున్నగా పోతోంది, ఆ ఎండాకాలం అక్కడ ఏమీ జరగనట్టు. మేలో కొంచెం మేర మాత్రం గీత రంగు మారింది. నింపిన చోటు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అడవి కార్బన్‌ను బాగా మింగుతోందని చివర్లో రాశారు. ఆ టవర్ దగ్గర లెక్కలు అంత నమ్మదగినవి కావని సెన్సార్లను విప్పేసి ఇంకో రాష్ట్రంలో అడవికి తీసుకెళ్లారని ఆమె ఫోన్‌లో చెప్పారు. అంటే ఆ టేకు చెట్ల కింద తర్వాత పడ్డ తొలివానలను ఎవరూ కొలవలేదు.

పుస్తకం ఇవ్వడానికి బోరబండ వెళితే అతను తీసుకుని, తెరవకుండానే టీవీ కింద అరలో పెట్టాడు. వాళ్లమ్మ సత్తెమ్మ అన్నం పెట్టింది. మావాని పేరు బుక్కుల ఉన్నదా బిడ్డా అని నన్ను అడిగింది. ముందుమాటలో కృతజ్ఞతల దగ్గర ఉన్నదన్నాను. అది అబద్ధం. పేరు వేస్తే అతనికి ఇబ్బందేమో అని వేయలేదని అరుణాదేవి గారు ఫోన్‌లో అన్నారు. ఆ ఇబ్బంది ఏమిటో ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. అడగలేదు.

తర్వాత రాకపోకలు తగ్గాయి. కంపెనీ తవ్వకాల్లో అతను బయటపడలేదు. టీమ్ లీడ్ అయ్యాడని విన్నాను.

ఆఖరుసారి పంజాగుట్టలో కలిశాడు. మెట్రో స్తంభాలు లేచి రోడ్డు సగానికి రేకులు అడ్డం పెట్టిన రోజులు. తండ్రికి కంటి ఆపరేషన్ చేయించి, మందుల చీటీతో ఆస్పత్రి నుంచి బయటికొస్తున్నాడు. ఒళ్లు చేశాడు, జుట్టు పలచబడింది. దుమ్ములో రేకుల పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. పాతవాళ్ల గురించి అడిగాడు. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే పని కూడా తనకు పడిందని, రెజ్యూమె చూడంగనే గ్యాప్ ఎక్కడ నింపిండ్రో తెలిసిపోతుందని, అయినా ఎవర్నీ ఏమీ అడగనని చెప్పాడు. మళ్లీ ఎప్పుడైనా జన్నారం వైపు వెళ్లావా అని అడిగాను. లేదన్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పోబోతూ ఆగాడు.

"ఒక మాట చెప్త, నవ్వకు," అన్నాడు. "ఆ బెంగళూరు ఆఫీసు నాకు కండ్ల ముంగట కనపడ్తది. కామరాజు మొఖం సుత కనపడ్తది. నేను ఆ ఊరు పోనే పోలె. గదే అడివిని యాది చేసుకుందామంటే రాదు. ఆ పొద్దు వాన వెలిసినంక నేను టవర్ ఎక్కిన్నా, అద్దం తుడిచిన్నా... మేడంకు యాదికి లేదని అబద్ధం చెప్పిన. ఇప్పుడు ఒట్టేసి చెప్పమన్నా చెప్పలేను భాయ్. నిజంగనే యాదికి లేదు."